చేపల దొంగలకు సారె

మలేసియాలో బీవర్లు ఉండవని నాకు ముందే తట్టాల్సింది. చేపల చెరువుల మీద పడుతున్న జంతువులను పట్టి నదికి తరలించడానికి సాయం కావాలని ఒక బృందం మలయ్‌లో ప్రకటన ఇచ్చింది. అందులోని ‘మెమెరాంగ్’ను నా ఫోను బీవర్ అని అనువదించింది, నేను నమ్మేశాను. పొద్దున్నే కౌలాలంపూర్‌లో బస్సెక్కితే దాదాపు మూడు గంటల్లో తెలుక్ ఇంతాన్ చేరాను. టికెట్టు పాతిక రింగిట్ల లోపే. అక్కడినుంచి బాగన్ దాతుక్ వైపు బృందం వ్యానే దిక్కు. వ్యాను నడుపుతున్న ఐషా ఈ పనికి పెద్ద. బీవర్ల మాటెత్తగానే పగలబడి నవ్వి ఫోటో చూపించింది. అవి నీటికుక్కలు!

వాటిని వదిలే నదిలో ఎవరో పారేసిన అక్వేరియం చేపలు విపరీతంగా పెరిగి, గట్లకు బొరియలు పెట్టి కూల్చేస్తున్నాయట. "నీటికుక్కలు వాటిని తింటే గట్లు నిలుస్తాయి, మేం నాటిన మొక్కలు వేళ్లూనుకుంటాయి. ఆశ అదీ" అంది ఐషా.

చెరువు యజమాని అప్పన్న అక్కడే పుట్టిన తెలుగాయన. మేం వెళ్లేసరికి తల్లీ ఒక పిల్లా బోనుల్లో ఉన్నాయి. రెండో పిల్ల మాత్రం తూములో దాక్కుంది. ఐషా దాన్ని వదిలి తల్లిని తీసుకెళ్లనంది.

"సేపలన్నీ తినేసినాయి లా! ఇయ్యేళ ఎల్లకపోతే రేపు మందెట్టేత్తాను" అన్నాడు అప్పన్న, అక్కడివాళ్ల అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి.

తల్లి బోనును తూము దగ్గర పెట్టి, పక్కనే ఖాళీ బోను తెరిచి ఉంచాం. తల్లి ఈలలాగా అరుస్తోంది, కానీ చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోతలో ఏమీ వినబడదు. ఉన్నట్టుండి ఆ మోత ఆగిపోయింది. అప్పన్న స్విచ్చి కట్టేశాడు! మాది భీమవరం. ఆ ఎండలో ఏరేటరు ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు.

"బాబాయ్, చేపలు తేలిపోతాయి కదా!"

"ఊరుకో అమ్మా. తల్లి పిలుస్తంటే పిల్లకి ఇనపడాలి గదా."

చేపలు అప్పుడే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన వాటివైపు చూడనేలేదు. తూములోంచి సన్నగా ఒక ఈల వచ్చింది. పిల్ల తడబడుతూ బయటికొచ్చి, తల్లి పక్కనున్న బోనులోకి దూరింది. తలుపు పడగానే అప్పన్న స్విచ్చి దగ్గరికి పరుగెత్తాడు.

వ్యాను కదలబోతుంటే ఆయన భార్య బకెట్టుతో వచ్చింది. నిండా తిలాపియా చేపలు, అంచుకు పసుపు.

"పిన్నీ, ఇదేమిటి?"

"సారె. ఉత్తి సేతుల్తో పంపుతారేటి?"

సాయంత్రం నది ఒడ్డున బోనులు తెరిచాం. పిల్లలు బకెట్టు చుట్టూ చేరాయి. తల్లి మాత్రం నీళ్లలోకి జారి, గట్లు తొలిచే ఆ నల్లటి గరుకు చేపొకటి నోట కరుచుకుని పైకొచ్చింది. ఐషా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒక్క చేపతో నది బాగుపడదు, నాకూ తెలుసు. అయినా ఆ రోజంతా నాకు సంతోషంగానే ఉంది. మీరూ వెళ్తే రబ్బరు బూట్లు తీసుకెళ్లండి, జంతువు పేరు మాత్రం మనుషుల్నే అడగండి. తిరుగుదారిలో ఐషా ఫోను మోగింది. అప్పన్న. తెలుగులో మాట్లాడాలని నాకిప్పించాడు.

"అమ్మా, పిల్లలు తిన్నాయేటి?"