పేర్లు పెట్టని మూడు బొమ్మలు

తొంభైల మధ్యలో నేను కరీంనగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ మనిషిని. కంప్యూటర్ మనిషి అంటే ఫ్యాను తిరగకపోయినా పిలిచేవారు. ఎమ్మెస్సీ చదివినవాణ్ని కనుక ఫ్యాను కూడా చూసేవాణ్ని.

పక్క గదిలో ఫోను దగ్గర ఒక అన్న కూర్చునేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. నాకంటే పదేళ్లు పెద్ద. వితంతు పింఛను దరఖాస్తు ఏమైందని ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లన్నీ ఆయనకే. మొదట్లో అట్టముక్కల మీద చుక్కలు పొడుచుకుని, వేళ్లతో తడిమి జవాబు చెప్పేవాడు. తర్వాత నేను ఆయన కోసం, నంబరు కొడితే దరఖాస్తు సంగతి తెర మీదికి వచ్చే ప్రోగ్రాం రాశాను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ హైదరాబాద్ నుంచి వచ్చింది. దాని గొంతు జలుబు చేసిన ఇంగ్లీషు దొర గొంతులా ఉండేది. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం దాన్ని ఇంకా వేగంగా చదివించేవాడు.

"సారూ, మీ దయతోని పింఛన్ మంజూరైంది" అని ఎవరో ఫోనులో ఏడిస్తే, "నేను ఇని చెప్పిన, అంతే అవ్వా. మంజూరు చేసినోల్లు పెద్దోల్లు, ఆల్లకు ఫోన్లెత్తుడు రాదు" అనేవాడు.

ఆ తర్వాత విండోస్ వచ్చింది. నేను ప్రోగ్రామంతా తిరగరాసి, అక్షరాలు తీసి బొమ్మలు పెట్టాను. దరఖాస్తు చూడటానికి కన్ను బొమ్మ, దిద్దటానికి పెన్ను, తీసెయ్యటానికి ఎర్ర గుర్తు. కన్ను బొమ్మ పెట్టేటప్పుడు నాకేమీ తోచలేదు. బొమ్మ వెనకాల పేరు రాసి ఉంచితేనే స్క్రీన్ రీడర్ చదువుతుంది. నేను రాయలేదు. మూడింటినీ అది "బటన్" అనే చెప్పేది.

"తమ్మీ, మూడిట్ల ఏది ఏందో నాకెట్ల తెల్వాలె?"

"నంబరు కొట్టినంక ఒక్కసారి ట్యాబ్ కొడితె చూసేది, రెండుసార్లకు దిద్దేది, మూడుసార్లకు తీసేసేది. జర లెక్కవెట్టుకో అన్నా. పై ఆఫీసు పెద్దసారు తనిఖీ అయిపోంగనే పేర్లు వెడ్త."

"ఇంట్ల పిల్ల పుడితె ఇరవై ఒక్కో దినం పేరు వెడ్తరు. నీ బొమ్మలకు నెల దాటింది."

మూడు పేర్లకు అరగంట పని. తీసెయ్యబోయే ముందు "నిజంగానే తీసెయ్యాలా?" అని అడిగే ఏర్పాటుకు ఇంకో అరగంట. రెండూ తనిఖీ తర్వాతకే పెట్టుకున్నాను.

తనిఖీ ముందు రోజు సాయంత్రం మా ఆఫీసరు నా వెనక నిలబడి తెర చూశాడు. "గా ఎర్రది ముందల వెట్టు. మంచిగ కనవడ్తది" అన్నాడు. మొదటి చోటుకు జరిపాను. నిజమే, అందంగానే ఉంది. అన్న అప్పటికే బస్సుకు వెళ్లిపోయాడు. పొద్దున చెప్పాలనుకున్నాను.

పొద్దున పెద్దసారు తొందరగా వచ్చాడు. ఆయనకు ముందు గదిలో రంగులు చూపిస్తున్నాను. పక్క గదిలో అన్న నంబరు కొట్టి, ఒక్క ట్యాబ్ వేసి, ఎంటర్ కొడుతున్నాడు. మిషను "బటన్" అని ఊరుకుంటోంది. "మిషిన్ మూగవోయిందవ్వా, పగటి బువ్వ యాల్లకు మల్లొక్కసారి ఫోన్ చెయ్" అని ఫోను పెట్టి, ఇంకో ఫోను ఎత్తుతున్నాడు. మధ్యాహ్నానికి ఏడుగురి దరఖాస్తులు పోయాయి.

మమ్మల్నిద్దరినీ ఆఫీసరు గదిలోకి పిలిచారు.

"కండ్లు లేనోనికి కంప్యూటరిస్తె గిట్లనే అయితది" అన్నాడు ఆఫీసరు.

"నేను లెక్క తప్పలే సార్. ఒకటే ట్యాబ్ కొట్టిన" అన్నాడు అన్న. ట్యాబ్ అంటే ఏమిటని కూడా ఎవరూ అడగలేదు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, ప్రోగ్రాంల ఏమన్న తప్పున్నదా?"

"చూడాలె సార్" అన్నాను.

అంతకు పది నిమిషాల ముందే చూసి వచ్చాను.

కాగితాలు ఫైల్లోనే ఉన్నాయి కనుక దరఖాస్తులన్నీ రెండు రోజుల్లో మళ్లీ ఎక్కించేశాము. ఎవరి పింఛనూ ఆగలేదు. వారం తిరగకుండా అన్నను ఆదిలాబాద్‌కు మార్చారు. ఆ వారమే నేను మూడు బొమ్మలకూ పేర్లు పెట్టాను. మిషను చక్కగా చదివింది. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తాయన, ఈ లొల్లి ఏందని స్పీకరు వైరు పీకేశాడు.

మూడు నెలల తర్వాత ప్రోగ్రామును ఫ్లాపీల్లో ఎక్కించుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను. అక్కడ వరండాలో ఒక బల్ల, దాని మీద ఒక ఫోను, పక్కన అన్న. గంట సేపట్లో ఫోను ఒక్కసారి మోగింది. అదీ రాంగ్ నంబరు.

"అన్నా, పేర్లు వెట్టిన. మిషిన్ మూడూ చదువుతది."

"మంచిగైంది తమ్మీ. ఈడ కంప్యూటర్ లేదు మరి."

"తప్పు నాదని రాసిస్త. నిన్ను వాపస్ తెప్పిస్త."

"ఆ దినం సారు నిన్ను అడిగిండు. నువ్వు నా పక్కనే ఉంటివి. నువ్వేం చెప్తవోనని ఆగిన" అన్నాడు. తర్వాత, "చాయ్ తాగుతవా?" అని అడిగాడు. తాగాను.

తిరిగొచ్చి రాసిచ్చాను, ఒకటిన్నర పేజీ. ఆఫీసరు పూర్తిగా చదివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "గిదంత గిప్పుడెందుకయ్యా, సీటు నిండింది గద" అని కాగితం నాకే ఇచ్చేశాడు.

ఆ సంగతి ఆదిలాబాద్‌కు ఫోను చేసి చెప్పాలి. అక్కడ ఫోను ఎత్తేది ఆయనే. రెండుసార్లు నంబరు సగం దాకా తిప్పి పెట్టేశాను. మూడోసారి తిప్పలేదు.