పెదనాయన కాటా

బత్తలపల్లెలో మా పెదనాయనకు శెనక్కాయల మండీ ఉంది. మేం వెళ్లినప్పుడల్లా మూటలు తూచే కాటా మీద పిల్లల్ని నిలబెట్టి, అక్కడున్న రైతులందరికీ వినపడేలా మా బరువు చదివేవాడు. నాకు పదమూడేళ్లప్పుడు, "ఏమప్పా, ఇది పిల్లా, మూటా? మూటకు తీసినట్టు దీని తూకంలోనూ తరుగు తీయల్ల!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత కంచం ముందు కూర్చుంటే ఆ నవ్వులే వినపడేవి. సంగటి ముద్ద ఒళ్లో దాచి కుక్కకు వేసేదాన్ని. జుట్టు ఊడింది, బహిష్టు ఆగింది. ఇంట్లోవాళ్లు దిష్టి అనుకుని తాయెత్తు కట్టారు. అది మనసుకు వచ్చిన జబ్బని అనంతపురం డాక్టరమ్మ చెప్పింది. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

మొన్న నా కూతుర్ని కాటా ఎక్కించాడు. పాపను దింపేసి, "నువ్వెక్కు పెదనాయనా," అన్నాను. షుగరుతో సగమైపోయిన మనిషి, నవ్వుతూనే ఎక్కాడు. ఆయన బరువు రైతులందరికీ వినపడేలా చదివాను. "ఏంది పెదనాయనా, ఉత్త శెనక్కాయ పొట్టే ఉండాది, లోపల గింజే లేదే!" అన్నాను. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం ఆయన ముద్ద ముట్టకుండానే చేయి కడుక్కున్నాడు. నేను ఇంకో ముద్ద వేయించుకుని తిన్నాను.