అన్న కట్టిన పడవ

గగన్‌పహాడ్‌లో మాకో ఫైబర్ షెడ్డు ఉండేది. నీళ్ల ట్యాంకులు, బస్సు సీట్లు, తోటల్లో వేసే బల్లలు చేసేవాళ్లం. పడవలు ఎప్పుడో ఒకటి. పనితనమంతా మా అన్నది. నేను ఆయన వెనక నిలబడి నేర్చుకున్నవాణ్ని. 2010లో డెంగీ జ్వరం వచ్చి వారం రోజుల్లోనే అన్న పోయాడు. షెడ్డు నా చేతికొచ్చింది.

రెండేళ్ల తర్వాత, ఎండాకాలంలో, ఒక రిసార్టు యజమాని ట్రాలీ మీద పాత పడవ తెచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. పదేళ్ల కిందట అన్న చేసిందే.

"అడుగు మెత్తగ అయింది అన్నా. మనిషి నిలవడితే దిగబడుతున్నది," అన్నాడాయన.

పడవ లోపల, మనం కాలు పెట్టే నేల కింద, పొడవునా రెండు చెక్క దూలాలు ఉంటాయి. వాటిని ఫైబర్‌తో కప్పేస్తాం. పడవ బలమంతా వాటిదే. ఆకారం చెడకుండా పడవను దిమ్మెల మీద కూర్చోబెట్టి, గ్రైండర్‌తో నేల కోశాను. కుళ్లిన ఆకుల వాసన గుప్పుమంది. పై పొర చీల్చేసరికి చెక్క తడి అటుకుల్లా చేతిలోకి ఊడివచ్చింది. ఒక కొస మాత్రం ఇంకా గట్టిగా ఉంది. దాని మీద అన్న పెన్సిల్‌తో రాసుకున్న కొలతలు చెరిగిపోలేదు. ఆ అంకెలు చూసి కాసేపు పని ఆపేశాను.

కుళ్లు ఎక్కడ మొదలైందో వెతికాను. అడుగున చేరిన నీళ్లు ఒకచోట నిలవకుండా దూలాలకు రంధ్రాలు చేస్తాం. వాటి లోపలి అంచులకు రెసిన్ జిగురు పూయాలి. లేకపోతే చెక్క నీళ్లు తాగుతుంది. ఇక్కడ ఒక్క రంధ్రానికీ రెసిన్ లేదు.

ఆ పని అన్నది కాదు. నాది.

పదేళ్ల కిందట, రెసిన్ పూయాల్సిన ఆ రోజు, బడంగ్‌పేట్‌లో మా అత్తగారింట బోనాలు. బస్సు పోతుందని తొందరలో ఉన్నాను. "బొక్కలకు పూసినవా రా?" అని అన్న బయటి నుంచి అడిగాడు. "ఆ, అయిపోయిందన్నా," అన్నాను. మర్నాడు నేను వచ్చేసరికి, నా మాట నమ్మి ఆయన నేల మూసేశాడు.

రెసిన్ లేని రంధ్రాలు చూపిస్తే, యజమాని వంగి లోపలికి చూశాడు. "మీ అన్న గిట్ల చేస్తడనుకోలే," అన్నాడు. అప్పుడే తల మీదుగా విమానం దిగుతోంది. చప్పుడు తగ్గాక చెబుదామనుకున్నాను. తగ్గింది. నేను చెప్పలేదు.

వారం రోజులు పడవను ఎండనిచ్చాను. కొత్త దూలాలు దించి, ప్రతి రంధ్రానికీ రెండేసిసార్లు రెసిన్ పూశాను. చెయ్యి పని చేస్తోంది గానీ, అన్నం సయించడం లేదు. చివరికి శంషాబాద్‌లో వదిన దగ్గరికి వెళ్లాను. గోంగూర ఆకు తుంచుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను.

"ఆయన ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే?" అంది.

"పడవ మంచిగనే తిరుగుతున్నది గద అనుకున్న వదినా. తర్వాత మర్శిపోయిన."

"ఆ పడవాయనకన్న చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను.

"మీ అన్న ఏ పనైనా రెండుసార్లు చూసుకుంటుండె. నువ్వు చేసినదాన్ని మాత్రం మళ్ల చూడకపోతుండె," అంది వదిన.

అక్కడి నుంచే యజమానికి ఫోన్ చేశాను. తప్పు మా అన్నది కాదు, నాదని చెప్పాను.

"ఎవలు చేస్తే ఏందన్నా ఇప్పుడు? ఆదివారానికి బోటు అయితదా?" అన్నాడు.

అవుతుందన్నాను. వదిన తల ఎత్తలేదు. ఎప్పుడు వెళ్లినా అన్నం తిని పొమ్మనేది, ఆ పూట అనలేదు.

చెప్పినట్టే ఆదివారం పడవ వెళ్లిపోయింది. వదిన నాతో మాట మానలేదు. పండక్కి పిలిస్తే వచ్చింది. కానీ నా ముందు అన్న ముచ్చట ఎత్తడం మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు, పిల్లలకు ఆయన గురించి ఏదో చెబుతూ నవ్వుతుంటే గుమ్మం బయటికి వినిపించేది. నేను లోపల అడుగు పెట్టగానే ఆపేసి, మంచినీళ్లు తేవడానికి లేచేది.