సున్నం వేయని చోటు

నా చిన్నప్పుడు జహీరాబాదులో మా ఇల్లు బొంబాయి రోడ్డు పక్కనే ఉండేది. చేతిలో పెన్సిలు ముక్క ఉంటే చాలు, కనబడిన ఇల్లల్లా గీసేదాన్ని. బడిలో పంతులుగారు ఒకసారి మెచ్చుకున్నారు, ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఇప్పుడు పుస్తకాలకు ఇళ్ల బొమ్మలు వేస్తూనే బతుకుతున్నాను గానీ అంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మా పక్కింటావిడను వాడకట్టంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లు. ఒంటరి మనిషి. ప్రతి రంజాన్‌కు ముందు ఇల్లంతా తానే సున్నం వేసుకునేది. ముందు వసారా గోడ మీద మాత్రం, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, అరచేయంత జిడ్డు మరకను వదిలేసేది. కుంచె దాని చుట్టూ జాగ్రత్తగా తిరిగి వెళ్లేది. ఖాలాకు ఏటా ఆఖర్లో సున్నం చాలదని వాడకట్టులో ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వేసేది.

ఒక ఏడాది రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి ఆమె గోడ మీద ఎర్రగీత గీసిపోయారు. రెండు రోజుల్లో కూలగొడతారు. కోహీర్‌లో చెల్లెలి దగ్గరకు పోవడానికి సామాను కట్టుకుంటూ ఖాలా నన్ను పిలిచింది. "బేటీ, నా ఇల్లు జర గీసియ్యి. నాతోని తీస్కపోత" అంది.

మధ్యాహ్నమంతా ఎదురుగా కూర్చుని గీశాను. పగుళ్లు పూడ్చేశాను, ఎర్రగీత తీసేశాను, మరక ఉన్న చోటును తెల్లగా వదిలేశాను. ఆమెకు మేలే చేశాననుకున్నాను.

ఖాలా కాగితం మీది వసారా గోడను వేలితో తడిమింది. "మంచిగనే గీసినవ్. కానీ మా పిల్లగాన్ని ఎటు పంపినవ్?" అంది.

నేను చుట్టూ చూశాను. ఆ ఇంట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందు ఆమెకు ఒక్కగానొక్క కొడుకుండేవాడట. రోజూ పని నుంచి వచ్చి ఆ గోడకే తల ఆనించి చాయ్ తాగేవాడు. జ్వరమొచ్చి దవాఖానకు పోయినవాడు మళ్లీ రాలేదు. ఒక్క ఫోటో కూడా తీయించలేదు. "నెత్తికి నూనె బాగ పెట్టెటోడు. గోడ ఖరాబ్ చేస్తున్నవని రోజూ తిడుతుంటి" అంది.

నా చేయి పట్టుకుని ఆ మరక మీద పెట్టింది. నున్నగా, చల్లగా ఉంది. అప్పుడే ఎవరో తల ఎత్తి లేచి వెళ్లినట్టనిపించి చేయి లాక్కున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. పెన్సిలుతో దిద్దుతానన్నాను. ఆమె వద్దని, కొబ్బరినూనెలో వేలు ముంచి కాగితం మీద సరిగ్గా ఆ చోటే ఒత్తింది. గుమ్మం వైపు ఎత్తి పట్టుకుంటే ఆ ఒక్కచోటి నుంచే వెలుతురు వచ్చింది.

కూలీలు గడ్డపారలతో వచ్చేసరికి ఖాలా వెళ్లిపోయింది. గోడ ఒరుగుతుంటే, అక్కడి నుంచి లేవమని అతన్ని పిలవబోయి నోరు తెరిచాను. ఏమని పిలవాలి? పేరు అడగనేలేదు. ఖాలా కూడా కోహీర్‌లోనే కన్నుమూసిందని చాలా ఏళ్లకు తెలిసింది. ఇక చెప్పేవాళ్లు లేరు.

అందుకే ఈ వయసులోనూ ఏ ఇల్లు గీయాల్సి వచ్చినా, ముందు ఆ ఇంటివాళ్లను, అందులో ఉండి పోయినవాళ్ల పేర్లు అడుగుతాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు, కాసేపటికి చెబుతారు. ఆ పేర్లు బొమ్మలో ఎక్కడా రాయను. గీస్తున్నంతసేపూ మనసులో ఒక్కొక్కరినే పిలుస్తూ ఉంటాను.