షావుకారు వాకిట్లో నెత్తళ్ళు

పెనం మీద ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తుంటే, ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంటున్న వేళ, బ్యాంకు నుంచి ఫోనుకు జవాబు వచ్చింది. ఇంటి పైకప్పు కోసం పర్సనల్ లోను తీసుకున్నాను. చీటీ డబ్బు చేతికొచ్చింది, కొంత ముందుగానే కట్టేస్తాను మహాప్రభో అని ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఏడాది నిండేదాకా కట్టడానికి వీల్లేదట, ఆ తర్వాత కట్టినా దానికి వేరే రుసుమట. అప్పటిదాకా వడ్డీ పోస్తూ కూర్చోవాలి. నాకు ఒళ్ళు మండింది, పెనం మీద నెత్తళ్ళు మాడాయి.

మా నాయనకూ ఇదే గతి పట్టింది. తోటపల్లి గూడూరు వైపు సముద్రం ఒడ్డున మా పల్లె. వలల కోసం నాయన చేపల షావుకారు రమణయ్య దగ్గర అప్పు చేశాడు. అది తీరేదాకా పట్టిన చేపంతా ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. ఒక కార్తీకంలో రొయ్య తెగ పడింది. మేం తడి ఇసుకలో గవ్వలు ఏరుకుంటుంటే, ఆరేసిన వలల వాసనా, ఇంటింటా చింతపండు పులుసులో ఉడికే రొయ్యల వాసనా, వాన నీళ్ళలో నానిన తాటాకుల వాసనా కలిసి పల్లె పల్లెంతా పండగలా ఉండేది. నాయన అప్పు మొత్తం పంచె కొంగున మూటగట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"తొందరేముండాది పోలయ్యా, ఉగాదికి చూద్దాంలే" అని షావుకారు గోలీసోడా తాగించి పంపేశాడు. మళ్ళీ వెళితే మళ్ళీ సోడానే. అందులో సగం నాకు దక్కేది కాబట్టి ఆయనంత మంచివాడు లేడనుకునేదాన్ని.

అమ్మకు ఓపిక నశించింది. ముసురు విడిచి ఎండ కాసిన పొద్దున, తట్టనిండా పచ్చి నెత్తళ్ళు మోసుకెళ్ళి, కార్తీకమంతా నీసు ముట్టని ఆ ఇంటి వాకిట్లో, ముగ్గు పక్కనే పరిచేసింది. కాకుల్ని తోలే పని నాది.

"ఏందమ్మా ఇది, పూజలు చేసుకునే వాకిట్లో?" షావుకారు ముక్కు మూసుకున్నాడు.

"మా ఇంటికాడ ఎండ సాలడం లేదన్నా. నువ్వు దుడ్లు తీసుకుంటే ఎత్తుకుపోతా."

లోపలి నుంచి ఆయన తల్లి కేక వేసింది. "తీసుకోరా అబ్బయా, ముందు ఆ కంపు పోనీ!"

తీసుకున్నాడు. మర్నాటి నుంచి నాయన ఎవరు మంచి ధర ఇస్తే వాళ్ళకే రొయ్య వేశాడు. నాకు మాత్రం సోడా పోయిందని ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ తాటాకు ఇళ్ళు లేవు, గోలీసోడా లేదు, అమ్మా లేదు. నిన్న బ్యాంకుకు వెళితే, కౌంటరు దగ్గరి అమ్మాయి పాపం మర్యాదగానే, "మా చేతుల్లో ఏం లేదండీ, అంతా పైవాళ్ళే" అంది. ఆ పైవాళ్ళెవరంటే తనకూ తెలియదు. రమణయ్య మొండివాడే, కానీ ఆయనకో ముఖం ఉండేది, ఇల్లుండేది. అమ్మే ఉంటే ఈపాటికి తట్ట నెత్తినెత్తుకుని, "పదవే, యాడుంది వాళ్ళ వాకిలి?" అనేది. నేనేం చెప్పేదాన్ని?