అమ్మ పసుపు కుంకుమ తోటలో జీడి షెడ్డు

మొన్న పలాసలో ఒక సభకు వెళ్ళాను. పల్లెలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలంటే కట్టడాలు ఎలా ఉండాలో చెబుతూ ఒక ఇంజనీరమ్మ తెర మీద బొమ్మలు చూపిస్తుంటే, అందులో మా ఊరి జీడి షెడ్డు కనిపించింది, దాన్ని ఆలోచించిన మహానుభావుడంటూ పక్కనే మా మేనమామ ఫొటో. అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నాకింకా పెళ్ళి కాని రోజులవి. మా వీధి ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు జీడిపిక్కలు కాల్చి, చేతులకు బూడిద రాసుకుని కొట్టుకునేవారు. పొగకు కళ్ళు, తొక్కలోంచి కారే జీడికి వేళ్ళు పాడయ్యేవి. ఇంజనీరింగు చదివొచ్చిన మావ అందరికీ కలిపి ఒకే షెడ్డు కడదామన్నాడు, లాభం వీధంతా పంచుకోవచ్చన్నాడు. మాటకారి లెండి. ఎలా ఉండాలో మీరే చెప్పండంటే అమ్మ వాకిట్లో ముగ్గుపిండితో గీసింది, పక్కింటి పిన్ని అది చెరిపి మళ్ళీ గీసింది. సముద్రపు గాలి తూర్పు నుంచి వచ్చి పొగను తోసేసేలా పొయ్యిలు పడమటి కొసన పెట్టాలని, మంటకు పిక్కల తొక్కలే చాలు గనక సరుగుడు చెట్లు నరకక్కరలేదని, పసిపిల్లల ఊయలలకు ఒక దూలం కావాలని, అన్నీ వాళ్ళు చెప్పినవే.

స్థలం అమ్మ ఇచ్చింది. తాతయ్య ఆమెకు పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన కొబ్బరితోట ముక్క అది. అలాంటివాటికి రాతకోతలు అడిగితే తోబుట్టువును అనుమానించినట్టే మా వైపు, అందుకని తాతయ్య పోయాక పట్టా మావ పేరునే పడింది. నేనోసారి నసిగితే, తమ్ముడి కాడ కాగితాలేటే అని అమ్మ కసిరింది. ఆమె మాట మీద వీధంతా కూలి లేకుండా మట్టి మోసింది, కొబ్బరాకు అల్లింది.

షెడ్డు చక్కగా కుదిరింది, కాదనను. ఒక్క ఏడాది కబుర్లు చెప్పుకుంటూ పిక్కలు కొట్టుకున్నాం. మరుసటేడు పంట వచ్చేసరికి గేటు లేచింది, పలాస వ్యాపారి ఒకాయన భాగస్తుడయ్యాడు, మావాళ్ళు తాము గీసుకున్న షెడ్డులోనే కూలీలయ్యారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

అమ్మ వెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. మావ ఎంతో మర్యాదగా కుర్చీ వేయించాడు.

"అక్కా, నువ్వు పిక్కలు కొట్టక్కర్లేదు. ఊరికే కూకో, కూలి ఇప్పిత్తాను."

"నా తోటలో నాకు కూలేట్రా?"

"తోట నా పేర్నుంది కదక్కా."

అమ్మ ఆ కుర్చీలో కూర్చోకుండానే ఇంటిదారి పట్టింది. వీధిలో మావను ఎవరూ పెద్దగా తిట్టలేదు. అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కుని ఆడిన నాటకమన్నారు. పక్కింటి పిన్ని మా వాకిలి తొక్కడం మానేసింది. తోట పోయినందుకు కన్నా అమ్మకు అదే ఎక్కువ తగిలింది, పోయేదాకా ఆ బాధ దిగలేదు.

ఇప్పుడు మా వైపు కొత్త కొత్త ఆలోచనలతో చాలామంది వస్తున్నారు. ఒకప్పుడైతే చాప వేసి, బొండం కొట్టిచ్చి, చెప్పిందల్లా వినేవాళ్ళం. ఇప్పటి ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆపి, ఎవరి పేరున కడతారండీ అని అడుగుతున్నారు. అడగాల్సిందే, మంచి మార్పే. మా అమ్మ మాత్రం మళ్ళీ పుట్టినా ఆ మాట అడగలేదు. ఎలా అడుగుతుంది, తోడబుట్టినవాణ్ణి.