నాన్న పేరు పెట్టుకున్న సీలు

పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినా ఉలూరియాక్‌కు చెల్లెలి మీద కుళ్లు పోలేదు. మగపిల్లలు లేని ఇంట్లో ఈటె పట్టి, గడ్డకట్టిన సముద్రం మీద నాన్న వెంట వేటకు తిరిగింది తను. ఒళ్లో కూర్చుని ముద్దులు తిన్నది మాత్రం చెల్లెలు నువాలింగా.

నాన్న పోయిన ఏడాది, సముద్రంలోని సీలు జంతువులు మంచు కింద ఎంత లోతుకు మునుగుతాయో, చేపల్ని ఎక్కడ పడతాయో చూసేవాళ్ల దగ్గర నువాలింగాకు పని దొరికింది. వలలో పడ్డ ఓ ముసలి సీలు వీపున, అది ఎక్కడుందో తెర మీద చుక్కగా చూపించే చిన్న యంత్రం అంటించి, దానికి నాన్న పేరు పెట్టేసింది: కౌతాక్. పోయినవాళ్లు పేరు పట్టుకునే తిరిగొస్తారు మా దగ్గర. కుక్కలకే పెట్టుకుంటాం, సీలుకు పెడితే తప్పేముంది? కానీ అక్కను ఒక్క మాట అడగలేదు. అదీ మంట.

ఇక ఊరంతా నువాలింగా ఇంట్లో కంప్యూటర్ తెర ముందే.

“మీ నాన్న ఈ పూట బాగా లోతుకెళ్లాడే! చేపలు దొరికాయా?” అంది పక్కింటావిడ.

“దొరక్కేం? మునిగినచోటే మునుగుతున్నాడు. బతికుండగానూ అంతేగా, తిండి పెట్టిన ఇల్లు వదిలేవాడా?” అంది నువాలింగా.

అందరూ పగలబడి నవ్వారు. ఉలూరియాక్ టీ కప్పు పక్కన పెట్టేసింది. ‘చచ్చాక కూడా దీని కొంపకే చేరాడు’ అనుకుంది. వెళ్తూ వెళ్తూ, తెర మీది చుక్క మంచులో ఏ పగులు దగ్గరుందో చూసుకుంది.

మర్నాడు ఆ పగులు పక్కన, సీలు ఊపిరి పీల్చుకోవడానికి మంచులో చేసుకున్న కన్నాన్ని ఆమె వేటకుక్క పసిగట్టింది. ఉలూరియాక్ నడుం వంచి, ఈటె పట్టుకుని, కదలకుండా నిలబడింది. పాదాలు మొద్దుబారాయి. చివరికి కన్నంలో నీళ్లు కదిలి, బుస్సుమని ఊపిరి వినపడింది. పొడిచింది.

పైకి లాగితే వీపున యంత్రం. తెలిసి చేసిన పనే. ఆచారం తప్పకుండా చచ్చిన సీలు నోట్లో మంచినీళ్లు పోసింది.

“తాగు నాన్నా. ఈసారి నా దగ్గరికే వచ్చావు.”

వేట మాంసం అయినవాళ్లకు పంచకుండా ముట్టకూడదు. కాలేయం పళ్లెంలో పెట్టుకుని, యంత్రం జేబులో వేసుకుని, తిట్లు తినడానికి సిద్ధపడే చెల్లెలింటికి వెళ్లింది. యంత్రాన్ని చూసి నువాలింగా నేల మీద కూలబడి ఏడ్చింది.

“చలికాలమంతా తెర ముందే కూర్చున్నా కదే అక్కా! నాకు చుక్కలు చూపించి, ఒళ్లు నీకిచ్చాడు. సీలు తనకిష్టమైనవాళ్ల దగ్గరికేగా వచ్చేది! అప్పుడూ అంతే. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి నిన్నే మంచు మీదకు తీసుకెళ్లేవాడు.”

ఈ మాట కోసం ఉలూరియాక్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కాచుకుని ఉంది. నీ తెర చూసే వెళ్లానే అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“తినవే,” అంటూ పెద్ద ముక్క కోసి చెల్లెలి చేతిలో పెట్టింది.